ఆకుపచ్చ గడి

ఫ్రిజ్జులు తయారుచేసే ఆ కంపెనీలో పెద్దలకి ఉన్నట్టుండి కుటుంబాలు గుర్తొచ్చాయి. ఊరికే గుర్తు రాలేదు. ఉద్యోగ సంతృప్తి మీద జరిపిన సర్వేలో మేనేజర్ల మార్కులు పాతాళానికి పడిపోయాయి. పనికొచ్చే మేనేజర్లు ఒకరి వెనక ఒకరు రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయారు. ఖాతాల విభాగం పెద్దాయన మీటింగులోనే గుండె పట్టుకుని కూలబడి ఆస్పత్రి పాలయ్యాడు. ఇలాంటప్పుడు పని తగ్గించాలనో, మనుషుల్ని పెంచాలనో ఎవరికైనా తోస్తుంది. అంత తేలిగ్గా తోచేవాళ్ళయితే వాళ్ళకి అంత పెద్ద కుర్చీలు ఎవరిస్తారు? వాళ్ళు బాగా ఆలోచించి ఒక సలహాదారుణ్ణి పిలిపించారు.

పనికీ ఇంటికీ సమతూకం నేర్పడం ఆయన వృత్తి. మాట్లాడేటప్పుడు చేతులు రెండూ చాచి ఒకటి పైకీ ఒకటి కిందకీ ఆడిస్తుంటాడు. మొదటిరోజు మధ్యాహ్నానికల్లా ఆఫీసు ఆయనకి తక్కెడగారు అని పేరు పెట్టేసింది. ఆయన చెప్పిన సూత్రం ఒక్కటే. కాలెండర్లో లేనిది జీవితంలో లేనట్టే. కాబట్టి ప్రతి మేనేజరూ ఇంటివాళ్ళకిచ్చే సమయాన్ని ఆఫీసు కాలెండర్లో అందరికీ కనిపించేలా పెట్టాలి. మామూలు మీటింగులకి నీలం గడి, డైరెక్టరుగారి మీటింగులకి ఎర్ర గడి, కుటుంబానికి ఆకుపచ్చ గడి. డైరెక్టరుగారు చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టాక అందరూ కొట్టారు.

సరఫరా విభాగం పెద్ద కూడా కొట్టింది. కంప్రెసర్లు, గాజు అరలు, తలుపు రబ్బర్లు, మరమేకులు, ఏది వేళకి రాకపోయినా కిందనున్న ఫ్యాక్టరీ ఆగిపోతుంది, తిట్లు ఆమెకి పడతాయి. అందుకని ఆమె ఎక్కడా ఆగదు. చిన్న స్టేషన్లలో ఆగని బండి అని కింది ఉద్యోగులు ఆమెని ఎక్స్‌ప్రెస్ మేడమ్ అనుకునేవారు. ఎదుటివాడు రెండు మాటలు అనేసరికి మూడో మాట ఆమే అందుకుని వాక్యం పూర్తి చేసేది, జవాబు కూడా చెప్పేసేది. ఆ ఆఫీసులో దాన్ని చురుకుదనం అంటారు. దానికి ఆమెకి రెండు ప్రమోషన్లు కూడా వచ్చాయి.

ఇంట్లో దాన్ని ఏమంటారో ఆమెకి ఆ నెలలోనే తెలిసింది.

ఆమె కొడుకు పండుకి తొమ్మిదేళ్ళు. మాటల్లో నత్తి. ఆస్పత్రిలో మందుల విభాగం చూసే భర్తే తన డ్యూటీలు సర్దుకుని వాణ్ణి మాటల డాక్టరమ్మ దగ్గరికి తిప్పుతున్నాడు. ఒక సాయంత్రం అతను వచ్చి సోఫా అంచున కూర్చున్నాడు. ఆమె లాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు.

"ఏమంటుందండీ డాక్టరమ్మ?"

"ఈసారి నిన్ను రమ్మంది."

"నన్నెందుకు? మీరు తీసుకెళ్తున్నారుగా. ఫీజు సంగతా? సంతకం కావాలా? పంపించమనండి, పెట్టేస్తాను."

"వాడికి నాతో పెద్దగా రావట్లేదు. స్కూల్లోనూ పర్లేదు. నీతో మాట్లాడేటప్పుడే ఎక్కువ వస్తోంది. ఆవిడ కనిపెట్టింది. చెప్పొద్దనుకున్నాను గానీ..."

"గానీ చెప్పేశారు," అని వాక్యం పూర్తి చేసి ఆమె లాప్‌టాప్ మూసేసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గది చిన్నది. పొట్టి కుర్చీలు, నేల మీద మెత్తటి చాప, ఒక పెట్టెనిండా చెక్క జంతువులు. గోడ మీద గడియారం లేదు. దాన్ని బయట వరండాలోకి మార్పించింది డాక్టరమ్మే. తల్లీకొడుకులిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఏదైనా మాట్లాడుకోమని చెప్పి ఓ మూల తన పని తను చేసుకుంటున్నట్టు కూర్చుంది.

"అమ్మా, ఇవాళ మా క్లా... క్లాసులో తా... తా..."

"తాబేలా? తాబేలు తెచ్చారా? భలే ఉంటుంది కదా! ఎవరు తెచ్చారు, సైన్సు టీచరా?"

పండు ఆమె మొహంలోకి ఓసారి చూసి తల ఊపాడు. ఆమె తాబేళ్ళ గురించి తనకి తెలిసిందంతా చెప్పింది. చాలా బాగా మాట్లాడానని కూడా అనుకుంది. తర్వాత పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకుని డాక్టరమ్మ మెల్లిగా అడిగింది.

"నిజంగా తాబేలేనా నాన్నా?"

"కాదు. తా... తాళం. బీరువా తా... తాళం పోతే నేనే వెతికిపెట్టాను. అందరూ చ... చప్పట్లు కొట్టారు."

"మరి అమ్మకి చెప్పలేదేం?"

"అమ్మకి ప... పనుంటుంది. తాబేలైనా ప... పర్లేదు."

తాబేలైనా పర్లేదట. పిల్లవాణ్ణి బయటికి పంపి డాక్టరమ్మ సూటిగా చెప్పింది.

"నత్తి మీవల్ల వచ్చిందని అనట్లేదమ్మా. అది ఎవరివల్లా రాదు. కానీ మీ ముందు అది పెరుగుతోంది. మీరు వెళ్ళిపోయేలోపు చెప్పెయ్యాలని వాడి కంగారు. ఇలాగే వదిలేస్తే వాడు మాట్లాడ్డమే మానేస్తాడు. అప్పుడు ఇంట్లో అంతా చాలా ప్రశాంతంగా ఉంటుంది. మీకు సంగతి కూడా తెలీదు."

"ఏం చెయ్యమంటారు?"

"ప్రతి గురువారం నాలుగింటికి వచ్చి వాడి ఎదురుగా కూర్చోండి. వాడి మాట వాడు పూర్తి చేసేదాకా మీరు నోరు మూసుకోవాలి. అదే వైద్యం. రాకపోతే మాత్రం సీటు ఉంచలేను. బయట చూశారుగా, ఎంతమంది ఎదురుచూస్తున్నారో."

ఆమె ఆ రోజే కాలెండర్ తెరిచి ప్రతి గురువారం మూడున్నర నుంచి అయిదున్నర దాకా ఆకుపచ్చ గడి పెట్టింది. పక్కన 'పండు' అని రాసింది. కంపెనీ చెప్పినట్టే చేశానని తృప్తి కూడా పడింది.

మొదటి గురువారమే ఆ గడిని మింగేశారు. పొద్దున లేచి చూసేసరికి పండు శుక్రవారానికి జరిగాడు. గురువారం నాలుగింటికి గాజు అరల ధర మీద మీటింగు కూర్చుంది. శుక్రవారం డాక్టరమ్మ ఆ ఆస్పత్రికే రాదు. మీటింగు పెట్టినవాడికి ఫోన్ చేస్తే, ఖాళీ ఎక్కడుందో కంప్యూటరే వెతికిందని చెప్పాడు. ఆమె ఎంత గింజుకున్నా లాభం లేకపోయింది. డాక్టరమ్మ కబురు పంపింది, ఇంకొక్కసారి తప్పితే సీటు వేరే పిల్లలకి ఇచ్చేస్తానని.

అప్పుడు ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. ఎర్ర గడిని ఎవరూ కదపకూడదు. నీలం గడిని కదపాలంటే అందులో ఉన్న అందర్నీ అడగాలి. ఆకుపచ్చని మాత్రం ఎవర్నీ అడక్కుండా జరపొచ్చని తక్కెడగారే కంప్యూటరుకి నేర్పించారు. అదివరకు సాయంత్రం ఎవరైనా సంచీ తీసుకుని మెట్లు దిగిపోతే ఎక్కడికని అడిగే నాథుడు లేడు. ఇప్పుడు ఎవరి దగ్గర ఎంత తీరిక దాగుందో రంగు వేసి మరీ చూపిస్తున్నారు. సెక్రటరీలందరికీ ఆ కిటుకు తెలిసిపోయింది. ఎక్కడ ఆకుపచ్చ కనిపిస్తే అక్కడ ఒక మీటింగు. నాణ్యతా విభాగం మేనేజరు పెళ్ళిరోజు పోయింది. అమ్మకాల మేనేజరు తన కూతురి ఈత పోటీ పోగొట్టుకున్నాడు.

"మన సాయంత్రాలకి పచ్చగడ్డి రంగేసి మేకల ముందు పెట్టారండీ," అని నాణ్యతా మేనేజరు నవ్వాడు. నవ్వాక మొహం మాడ్చుకున్నాడు.

ఆమెకి నవ్వు రాలేదు. నేరుగా తక్కెడగారి గదికి వెళ్ళింది.

"ఏవండీ, ఆకుపచ్చ అంటే జరపదగినదని మీరెందుకు పెట్టారు?"

ఆయన చేతులు చాచాడు. "చూడండి మేడమ్, కస్టమర్ని ఆగమంటే ఆగుతాడా? ఆగడు. కుటుంబం అర్థం చేసుకుంటుంది. అదే కుటుంబం గొప్పదనం."

"అర్థం చేసుకునేవాళ్ళని ఎప్పుడూ చివర్లో నిలబెట్టొచ్చన్నమాట."

"చివర్లో అని కాదు, సర్దుబాటు. అంత అవసరమైతే ఎరుపు వేసుకోండి."

"వెయ్యొచ్చా?"

"డైరెక్టరుగారి అనుమతి ఉండాలి."

తన కొడుకు మాట వినడానికి తను డైరెక్టరు అనుమతి తెచ్చుకోవాలి! ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈయన జీతమెంతో గానీ, ఆ జీతం ఇచ్చి మరీ తన సాయంత్రాలు దోచుకునే మనిషిని తెచ్చిపెట్టుకున్నారు కదా అనుకుంది. ఆ మాట ఆయన మొహం మీదే అనేద్దామనుకుని, ఉద్యోగం గుర్తొచ్చి మింగేసింది. మింగినందుకు తన మీద కూడా మండింది.

ఉపాయం చెప్పింది ఆమె సెక్రటరీ. ఆ పిల్లకి ఇద్దరు కవలలు. అబద్ధాల్లో ఆరితేరక తప్పని బతుకు.

"మేడమ్, ఆకుపచ్చ తీసేద్దాం. నీలం వేద్దాం. 'కొత్త సప్లయరు, తలుపు రబ్బర్లు, బయట మీటింగు' అని రాస్తాను. రబ్బర్లంటే ఎవ్వరూ ముట్టుకోరు. లైన్ ఆగిపోద్దని భయం."

రాసింది. ఎవ్వరూ ముట్టుకోలేదు. పండు పండుగా ఉన్నంతకాలం వాణ్ణి ఎటుబడితే అటు తోశారు. తలుపు రబ్బరుగా మారేసరికి కంపెనీ మొత్తం వాడికి దారి ఇచ్చింది. ఇంతకన్నా సిగ్గుచేటు ఇంకేం కావాలి? అయినా ఆమె ఆ సిగ్గు దిగమింగి రెండు గురువారాలు దొంగలా మెట్లు దిగి వెళ్ళి కొడుకు ఎదురుగా కూర్చుంది.

నోరు మూసుకోవడం అంత కష్టమని ఆమె ఎప్పుడూ ఎరగదు. వాడు ఒక అక్షరం దగ్గర ఇరుక్కోగానే ఆమె నోట్లోకి మాట వచ్చేసేది. పెదవి కొరుక్కునేది. మొదటిరోజు ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమైంది, ఎన్ని బేరాలాడినా అంత అలసట రాలేదు. రెండోసారికి పండు తాళం కథ మొత్తం చెప్పాడు. బీరువా కాళ్ళ సందులో ఎలా దొరికిందో, టీచరు ఏమందో అంతా. చివర్లో నత్తి కూడా కొంచెం సద్దుమణిగింది. తిరిగొచ్చేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని నడిచాడు. ఆమె ఆ రాత్రి భర్తతో చాలాకాలానికి నవ్వుతూ మాట్లాడింది.

మూడో గురువారం మధ్యాహ్నం మూడింటికి డైరెక్టరుగారు స్వయంగా ఆమె గదికి వచ్చారు. కోపం తెలియని మనిషి ఆయన. ఎవర్ని పీల్చి పిప్పి చేసినా చిరునవ్వుతోనే చేస్తారు. అందర్నీ అమ్మా, నాయనా అంటారు, కంపెనీని మన ఫ్యామిలీ అంటారు.

"ఏమ్మా, ఆ రబ్బర్లవాడెవరో గానీ నీ అంతటిదాన్ని వారం వారం తన దగ్గరికే రప్పించుకుంటున్నాడు. అంత గొప్పవాడా? ఇవాళ వాణ్ణే ఇక్కడికి రమ్మను, నేనూ చూస్తాను. మన కుటుంబాల పథకానికి అవార్డు ఇచ్చేవాళ్ళు నాలుగింటికి వస్తున్నారు. ఉద్యోగుల కుటుంబాల్ని బాగా చూసుకునే కంపెనీ అని మనకి ఇవ్వబోతున్నారు. వాళ్ళ ముందు నువ్వు మాట్లాడాలి."

ఆమె ఒక్క క్షణం ఇంకో అబద్ధం వెతుక్కుంది. దొరికింది కూడా. కానీ పండు పేరు ఇంకోసారి దాచిపెట్టడానికి మనసొప్పలేదు.

"సార్, సప్లయరు లేడు, ఎవరూ లేరు. మా అబ్బాయికి నత్తి. గురువారం నాలుగింటికి వైద్యం. నేను ఎదురుగా కూర్చోవాలి. ఇవాళ వెళ్ళకపోతే వాడి సీటు పోతుంది."

"అయ్యయ్యో!" డైరెక్టరుగారు నిజంగానే బాధపడ్డారు. "ముందే చెప్పొద్దటమ్మా? దీనికి అబద్ధమెందుకు? చక్కగా ఆకుపచ్చలో పెట్టుకోవాల్సింది!"

"పెట్టాను సార్. తీసేశారు."

"ఎవరు?"

"మీరు పెట్టిన పద్ధతే తీసేసింది."

ఆయన ఓసారి గడియారం చూసుకున్నారు. "సరే, అది తర్వాత మాట్లాడుకుందాం. ఈ ఒక్క గంట మాత్రం నువ్వుండాలమ్మా. డాక్టరుతో నేను మాట్లాడతాను. ఇదిగో, ఈ అబ్బాయి సంగతే వాళ్ళ ముందు చెప్పు. ఒక తల్లి, ఇంత పెద్ద బాధ్యత, బిడ్డకి నత్తి, అయినా కంపెనీ అండతో రెండూ నెగ్గుకొస్తోందని. వింటే వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. హాస్యమాడట్లేదు. ఆయనకి అందులో తప్పేమీ కనిపించట్లేదు. కొడుకు గంట లాక్కుని, ఆ లాక్కున్న గంటలోనే కొడుకు గురించి ఉపన్యాసం చెప్పమంటున్నాడు, అది కూడా కృతజ్ఞతతో. ఆమె సంచీ భుజాన వేసుకుంది.

"నేను వెళ్తున్నాను సార్."

"అలా అనకమ్మా. కొంచెం ఆలోచించుకో. వచ్చే నెల పెద్ద పోస్టులకి పేర్లు పంపాలి, నీ పేరు కూడా..."

ఈసారి ఆయన వాక్యాన్ని ఆమె పూర్తి చెయ్యలేదు. వినకుండానే బయటికి నడిచింది. లిఫ్టు రాలేదని మెట్లమీంచే దిగింది.

ఆస్పత్రి గేటు దగ్గర భర్త పండుని అప్పగించి తన డ్యూటీకి పరిగెత్తాడు. ఇద్దరూ గదిలోకి వెళ్ళి పొట్టి కుర్చీల్లో కూర్చున్నారు. డాక్టరమ్మ తలుపు వేసి మూలకి వెళ్ళింది. ఇంకా ఎవరూ మాట మొదలుపెట్టకముందే సంచీలో ఫోన్ గుర్రుమంది. ఆమె కదల్లేదు. ఫోన్ ఆగింది. మళ్ళీ మొదలైంది. ఆఫీసువాళ్ళకి తెలిసిన భాష అదొక్కటే, ఎత్తేదాకా కొట్టడం.

పండు సంచీ వంక చూశాడు. తల్లి వంక చూశాడు. నోరు తెరిచాడు.

"అమ్మా, నువ్వు వె... వె... వె..."

ఇరుక్కున్నాడు. మెడ నరం బిగుసుకుంది. కన్ను ఒకటి మూసుకుపోయింది. చిన్న పిడికిలితో మోకాలి మీద కొట్టుకుంటున్నాడు. ఆమె నోట్లో మాటలు గుంపుగా తోసుకొచ్చాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. వాడి కళ్ళల్లోకే చూస్తూ కూర్చుంది. ఎంతసేపైనా సరే, ఈసారి వాడి మాట వాడిదే కావాలి. ఫోన్ మోగుతూనే ఉంది.

"వె... వెళ్ళిపో అమ్మా," అన్నాడు పండు. ఊపిరి తీసుకున్నాడు. "లేకపోతే ని... నిన్ను తి... తిడతారు."

పూర్తయింది. తొమ్మిదేళ్ళ పిల్లవాడు చెమటలు కక్కుకుంటూ పూర్తి చేసిన వాక్యం అది. ఆ కష్టమంతా పడి వాడు తనకోసం ఒక బొమ్మ అడగలేదు, ఒక కబురు చెప్పలేదు. అమ్మని ఎవరో తిడతారని భయపడ్డాడు. ఆమెకి ఏడుపు రాలేదు. ఒళ్ళంతా భగ్గుమంది. తన ఇంట్లోకి, తన బిడ్డ గొంతులోకి ఆ కంపెనీ ఎప్పుడు దూరింది? ఎవరు తలుపు తీశారు? తీసింది తనే. అది ఆమెకి తెలుసు. అంతమాత్రాన దూరినవాణ్ణి వదిలేస్తారా ఎవరైనా?

సంచీలోంచి ఫోన్ తీసి ఎత్తింది. అటునుంచి డైరెక్టరుగారి గొంతు మెత్తగా వినిపించింది.

"వచ్చేశారమ్మా వాళ్ళు. కింద కారు పంపించనా?"

"సార్, మావాడు ఇప్పుడే ఒక మాట చెప్పాడు. నేను ఇక్కడ కూర్చుంటే మీరు నన్ను తిడతారట, వెళ్ళిపొమ్మంటున్నాడు. ఆ మాట బయటికి రావడానికి వాడెంత అవస్థ పడ్డాడో మీరు చూడలేదు. అవార్డువాళ్ళు నా గురించి అడిగితే ఈ ముక్కే చెప్పండి. ఒక్క అక్షరం మార్చకుండా చెప్పండి."

"ఆవేశపడకమ్మా, నేనేమంటున్నానంటే..."

"మీరేమంటున్నారో పదకొండేళ్ళ నుంచి వింటున్నాను సార్. వీడిది ఈమధ్యే మొదలుపెట్టాను."

ఫోన్ ఆపేసి సంచీలో కాదు, డాక్టరమ్మ బల్ల సొరుగులో పడేసింది. పండు బిక్కమొహం వేసుకుని చూస్తున్నాడు.

"తి... తిట్టారా?"

"లేదు. నేనే తిట్టాను."

వాడి కళ్ళు పెద్దవయ్యాయి. "మీ పె... పెద్దసార్నా?"

"ఆఁ."

"ఏ... ఏమని?"

ఆమె కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకుంది. రేపు పొద్దున ఆ గదిలో తన పేరు పలక ఉంటుందో ఉండదో తెలియదు. ఇంటి అప్పు సంగతి రాత్రికి భర్తతో మాట్లాడాలి.

"ముందు నువ్వు చెప్పు," అంది. "నన్ను తిడతారని నీకెప్పట్నుంచి భయం?"

పండు మోకాలి మీది పిడికిలి విప్పాడు. తర్వాత మొదలుపెట్టాడు. చాలా ఏళ్ళ కిందటి సంగతులు, ఆమె మర్చిపోయినవి, ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె మధ్యలో ఒక్క మాట కూడా అందుకోలేదు.